టైమ్‌ల్యాప్స్ చిత్రీకరణలో ఛాయాచిత్ర, వీడియో చట్రాల నిష్పత్తుల సమన్వయం: పట్టిసీమ గోదావరి, డెల్టా వరి పొలాల దృష్టాంతాలతో వివరణ

పట్టిసీమ రేవులో నిలబడి చూస్తే గోదావరి ఏడాదిలో రెండు వేర్వేరు నదులుగా కనిపిస్తుంది. ఎండాకాలంలో నీటి పాయ సన్నబడి ఇసుక తిన్నెలు విశాలంగా బయటపడతాయి. శ్రావణ భాద్రపదాలలో ఆ తిన్నెలు మునిగిపోయి, వీరేశ్వరస్వామి ఆలయం వెలసిన దేవకూటాద్రి ఎర్రని వరద నీటి నడుమ నిలిచి ఉంటుంది. ఈ మార్పు రోజుకు కొద్దికొద్దిగా జరిగేది గనుక ఒక్క సందర్శనలో ఎవరికీ పట్టుబడదు. ఒకేచోట బిగించిన కెమెరా గంటకొకటి చొప్పున నెలల తరబడి తీసిన ఛాయాచిత్రాలను వరుసగా పేర్చి, నిమిషం నిడివి గల వీడియోగా మలచినప్పుడు అది స్పష్టమవుతుంది. ఈ పద్ధతినే టైమ్‌ల్యాప్స్ చిత్రీకరణ అంటారు.

ఏలూరు జిల్లా పోలవరం మండలంలోని ఈ గ్రామానికి వ్యవసాయపరమైన ప్రాధాన్యం 2015లో మరింత పెరిగింది. పట్టిసీమ ఎత్తిపోతల పథకంలోని 24 పంపులు సెకనుకు సుమారు 240 ఘనపు మీటర్ల, అంటే దాదాపు 8,500 క్యూసెక్కుల నీటిని పోలవరం కుడి కాలువలోకి ఎత్తిపోసే సామర్థ్యం కలవి. ఆ నీరు ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణానదిలో కలిసి కృష్ణా డెల్టా ఆయకట్టుకు చేరుతుంది. అందువల్ల పట్టిసీమ వద్ద వరద ఏ వారంలో మొదలైంది, ఎంతకాలం నిలిచింది అన్న విషయం నేడు రెండు డెల్టాల రైతులకూ సంబంధించినది. నది తీరును, దిగువ డెల్టాలో అదే కాలంలో సాగే సార్వా వరి పెరుగుదలను టైమ్‌ల్యాప్స్‌గా నమోదు చేస్తే, రైతు శిక్షణలోనూ తరగతి గదిలోనూ అది గట్టి బోధనోపకరణం అవుతుంది.

అయితే ఇట్టి వీడియోలలో తరచుగా ఒక లోపం కనిపిస్తుంది. నదీతీరపు చిత్రంలో నీటిమట్టం చూపే గేజి కింది అంకెలు కనబడవు; వరి దుబ్బు అసలు ఉన్నదానికంటె పొట్టిగా, వెడల్పుగా కనబడుతుంది; లేదా కెమెరా స్వయంగా ముద్రించిన తేదీ, సమయం మాయమవుతాయి. చిత్రీకరణ సక్రమంగానే జరిగి ఉంటుంది. ఛాయాచిత్రాల చట్రం ఒక ఆకారంలో, వీడియో చట్రం మరొక ఆకారంలో ఉండగా, ఎక్స్‌పోర్ట్ సమయంలో సాఫ్ట్‌వేర్ ఆ తేడాను తనకు తోచిన రీతిలో సర్దివేయడమే ఇందుకు కారణం. చట్రపు వెడల్పుకు, ఎత్తుకు గల ఈ నిష్పత్తినే ఆస్పెక్ట్ రేషియో అంటారు. దీనిని ఎంచుకోవలసినది చిత్రీకరణ ముగిసిన తరువాత కాదు, మొదటి ఛాయాచిత్రం తీయడానికి ముందే. మామూలు వీడియో చెడితే మరునాడు మళ్లీ తీయవచ్చు. గడచిపోయిన పంటకాలాన్నీ, వచ్చిపోయిన వరదనూ మళ్లీ తీయలేము. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరువాత అంతటి వరద చూడటానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది.

నిష్పత్తుల పుట్టుక

ఛాయాచిత్రాలకు, వీడియోలకు ఒకే నిష్పత్తి లేకపోవడానికి శాస్త్రీయ కారణమేదీ లేదు. ఉన్నది చరిత్ర మాత్రమే. ఎడిసన్ ప్రయోగశాలలో 1890ల తొలినాళ్లలో 35 మిల్లీమీటర్ల ఫిల్మును నిలువుగా నడిపి, చట్రానికి నాలుగు రంధ్రాల ఎత్తును కేటాయించారు. దాని నుంచి 4:3 నిష్పత్తి ఏర్పడింది. మూకీ చిత్రాలు, అటుపిమ్మట టెలివిజన్, కంప్యూటర్ తెరలు దీనినే అనుసరించాయి. డిజిటల్ కెమెరాల తొలితరం సెన్సర్లు కంప్యూటర్ తెరను దృష్టిలో పెట్టుకుని రూపొందినవి గనుక అవీ 4:3లోనే వచ్చాయి. నేటి మొబైల్ ఫోన్ సెన్సర్లు అధిక భాగం ఆ వారసత్వంలోనివే. అదే 35 మిల్లీమీటర్ల ఫిల్మును జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అడ్డంగా నడిపి, చట్రాన్ని రెట్టింపు చేసి 36×24 మిల్లీమీటర్లుగా నిర్ణయించాడు. 1925లో లీప్‌జిగ్ వసంతకాలపు ప్రదర్శనలో విడుదలైన లైకా కెమెరా నుంచి నేటి డీఎస్ఎల్ఆర్ వరకు సాగుతున్న 3:2 నిష్పత్తి అదే. మొక్కల కదలికలను టైమ్‌ల్యాప్స్‌గా తొలుత చిత్రీకరించిన వారిలో ఒకడైన వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ ఫెఫర్ కూడా, అంతకు పాతికేళ్ల ముందు, ఆ లీప్‌జిగ్ నగరపు విశ్వవిద్యాలయంలోనే ఆ పని చేయడం యాదృచ్ఛికమే.

ఇక వీడియోల 16:9 ఒక రాజీ సూత్రం. 1980లలో హెచ్‌డీ టెలివిజన్ ప్రమాణాలు రూపొందుతున్నప్పుడు, పాత 4:3 చిత్రాలనూ, సుమారు 2.35:1 గల సినిమాస్కోప్ చిత్రాలనూ దాదాపు సమాన నష్టంతో ఇముడ్చుకోగల చట్రంగా దీనిని ఎంచుకున్నారు. 1974లో వచ్చిన తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ను నేటి టెలివిజన్‌లో చూచినప్పుడు పైనా కిందా కనిపించే నల్ల పట్టీలు ఆ రాజీకి ఫలితమే.

మూడు సర్దుబాట్లు

ఛాయాచిత్రాన్ని వేరే నిష్పత్తి గల వీడియో చట్రంలో ఇమడ్చడానికి మూడే మార్గాలున్నాయి. ఎక్కువైన భాగాన్ని కత్తిరించడం మొదటిది. చిత్రమంతటినీ ఉంచి, మిగిలిన ఖాళీని నల్ల పట్టీలతో నింపడం రెండవది. చిత్రాన్ని చట్రం అంచుల వరకు సాగదీయడం మూడవది. సాఫ్ట్‌వేర్లు వీటికి వేర్వేరు పేర్లు పెడతాయి. ఉదాహరణకు డావిన్చీ రిజాల్వ్‌లోని ఇన్‌పుట్ స్కేలింగ్ జాబితాలో ఈ మూడింటితోపాటు, చిత్రపు పరిమాణం మార్చకుండా మధ్యభాగాన్ని మాత్రమే తీసుకునే నాలుగవ ఎంపిక కూడా కనిపిస్తుంది; అదీ ఒక విధమైన కత్తిరింపే, పైగా మరింత తీవ్రమైనది. 6000×4000 పిక్సెల్‌ల ఛాయాచిత్రం నుంచి నడుమనున్న 1920×1080 పిక్సెల్‌లనే తీసుకుంటే మొత్తం చిత్రంలో తొమ్మిది శాతం కూడా మిగలదు. చట్రం నిండా స్పష్టమైన బొమ్మే ఉంటుంది గనుక ఈ నష్టం వెంటనే కంటబడదు.

24 మెగాపిక్సెల్ డీఎస్ఎల్ఆర్ సాధారణంగా 6000×4000 పిక్సెల్‌ల చిత్రాన్ని ఇస్తుంది. పూర్తి వెడల్పు ఉంచి 16:9కు కత్తిరిస్తే ఎత్తు 3375కు తగ్గుతుంది. అంటే 625 వరుసలు, ఎత్తులో 15.6 శాతం పోతాయి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఇచ్చే 4000×3000 చిత్రంలో మిగిలే ఎత్తు 2250. నష్టం సరిగ్గా 25 శాతం. నల్ల పట్టీల పద్ధతిలో 1920×1080 చట్రంలో మొదటి చిత్రం 1620×1080గా అమరి ఇరువైపులా 150 పిక్సెల్‌ల వంతున, రెండవది 1440×1080గా అమరి ఇరువైపులా 240 పిక్సెల్‌ల వంతున ఖాళీ మిగులుతుంది. సాగదీసినప్పుడు చిత్రంలో ఏదీ పోదు, ఖాళీ కూడా మిగలదు. కాని 3:2 చిత్రం 18.5 శాతం, 4:3 చిత్రం 33.3 శాతం అదనంగా వెడల్పవుతాయి.

చూపరికి మూడవ పద్ధతి అన్నిటికంటె తృప్తిగా అనిపించవచ్చు. బోధనకు అదే అన్నిటికంటె హానికరం. నదీ దృశ్యంలో సాగదీత సులభంగా తెలియదు. నీటికి, ఇసుకకు నిర్దిష్టమైన ఆకారం లేదు. పంట విషయంలో అలా కాదు. వరి వంగడాల వర్ణనలో పోటాకు నిటారుగా ఉందా, వాలి ఉందా అన్నది ముఖ్య లక్షణం. నేలతో 70 డిగ్రీల కోణంలో నిలిచిన పోటాకు, 4:3 నుంచి 16:9కు సాగదీసిన వీడియోలో సుమారు 64 డిగ్రీల వద్ద కనిపిస్తుంది. 45 డిగ్రీల ఆకు 37 డిగ్రీలకు దిగుతుంది. నిటారు ఆకుల వంగడాన్ని చూపుతున్నామని వ్యాఖ్యాత చెబుతుండగా తెరపై వాలిన ఆకులు కనిపిస్తాయి. రెండు వంగడాలను పక్కపక్కన చూపే వీడియోలో ఒకదానిని ఫోన్‌తోనూ మరొకదానిని డీఎస్ఎల్ఆర్‌తోనూ తీసి రెండింటినీ సాగదీస్తే, ఒకటి మూడోవంతు, మరొకటి ఐదోవంతు కంటె తక్కువ వెడల్పై, లేని భేదం పుట్టుకొస్తుంది.

సాగదీతను గుర్తించడానికి సులభమైన ఉపాయం ఒకటుంది. చిత్రీకరణ మొదటి రోజున ఒక గుండ్రని పళ్లేన్ని కెమెరాకు ఎదురుగా, చట్రం మధ్యలో నిలిపి ఒక ఛాయాచిత్రం తీయాలి. ఎక్స్‌పోర్ట్ అయిన వీడియోలో ఆ పళ్లెం వెడల్పును, ఎత్తును తెరపై స్కేలుతో కొలవాలి. రెండూ సమానంగా లేకపోతే ఎక్కడో సాగదీత జరిగినట్టే.

పట్టిసీమ చట్రంలో ఏది పోవచ్చు, ఏది పోకూడదు

కత్తిరింపు తప్పనిసరి అయినప్పుడు ఎంత పోతుందన్న దానికంటె ఏది పోతుందన్నది ముఖ్యం. సాఫ్ట్‌వేర్లు సాధారణంగా పైనుంచి సగం, కిందనుంచి సగం కత్తిరిస్తాయి. 6000×4000 చిత్రాన్ని 3840 వెడల్పుకు తగ్గిస్తే ఎత్తు 2560 అవుతుంది. 4కె వీడియోకు 2160 చాలు. పైనుంచి 200, కిందనుంచి 200 వరుసలు తొలగుతాయి. పట్టిసీమ రేవు నుంచి తీసిన దృశ్యంలో కింది అంచున ఉండేది ఒడ్డు, రేవు మెట్లు, అక్కడ పాతిన గేజి అడుగుభాగం. వేసవిలో నీరు ఈ భాగంలోనే ఉంటుంది. అంటే కెమెరా మేలో కష్టపడి నమోదు చేసిన కనిష్ఠ నీటిమట్టాన్నే ఎక్స్‌పోర్ట్ తొలగించివేస్తుంది. పై అంచున ఉన్నదేమో ఆకాశం. నీటిమట్టాన్ని చూపే చిత్రంలో ఆకాశం కంటె తక్కువ సమాచారమిచ్చే భాగం లేదు. కాబట్టి 400 వరుసలనూ పైనుంచే తీసివేయడం ఉత్తమం. ఇందుకు కెమెరా బిగించేటప్పుడే కొండపైని ఆలయ శిఖరానికి పైన తగినంత ఆకాశాన్ని విడిచిపెట్టాలి. 3:2 కెమెరాలో చట్రపు ఎత్తులో ఆరోవంతు, 4:3 కెమెరాలో నాలుగోవంతు ఆకాశంగా ఉంటే చాలు. ఛాయాచిత్రాన్ని ఒంటరిగా చూచినప్పుడు ఈ కూర్పు అందంగా ఉండదు; పై భాగమంతా ఖాళీగా కనిపిస్తుంది. వీడియోగా మారిన తరువాత సరిపోతుంది.

మరొక ప్రలోభాన్ని నివారించుకోవాలి. వేసవిలో కత్తిరింపు చట్రాన్ని కిందికి, వరదలో పైకి జరిపితే రెండూ కనిపిస్తాయి కదా అని ఎడిటర్లు సూచించడం కద్దు. వీడియో సాగుతుండగా కత్తిరింపు చట్రం పైకి జరిగితే, తెరపై నీటి అంచు కిందికి దిగినట్టు కనిపిస్తుంది. వరద పెరుగుతున్న వారంలోనే ఆ పని జరిగితే పెరిగే నది నిశ్చలంగా, కొన్నిసార్లు తగ్గుతున్నట్టుగా కూడా అనిపిస్తుంది. వినోద చిత్రాలలో ఇది దోషం కాదు. నీటిమట్టాన్ని చూపడానికే తీసిన చిత్రంలో మాత్రం కత్తిరింపు చట్రం మొదటి ఛాయాచిత్రం నుంచి చివరి ఛాయాచిత్రం వరకు ఒక్క పిక్సెల్ కూడా కదలకూడదు. చట్రాన్ని స్వయంచాలితంగా ఎంచుకునే కొత్త సాధనాలు, చిత్రపు కుదుపును సరిచేసే స్టెబిలైజేషన్ సాధనాలు ఈ నియమాన్ని తెలియకుండానే భంగపరుస్తాయి. ముఖ్యంగా రెండవది: నిలకడగా ఉన్న ఆనవాళ్లను బట్టి అది చట్రాన్ని సరిదిద్దుతుంది. వరద కాలంలో చట్రంలో అధికభాగం ఆక్రమించేది కదిలే నీరే గనుక, ఆ సాధనం దేనిని స్థిరమైనదిగా భావిస్తుందో చెప్పడం కష్టం.

ట్రయల్ కెమెరాలు వాడేవారికి మరో జాగ్రత్త అవసరం. అడవి జంతువుల పరిశీలనకు రూపొందిన ఈ కెమెరాలు బ్యాటరీతో చాలాకాలం పనిచేస్తాయి, వానకు తట్టుకుంటాయి. అందుచేత పొలాలలోనూ వీటి వాడకం పెరిగింది. ఇవి ప్రతి చిత్రం కింది అంచున ఒక పట్టీగా తేదీ, సమయం, ఉష్ణోగ్రత ముద్రిస్తాయి. 16:9కు కత్తిరించగానే ముందుగా పోయేది ఆ పట్టీయే. తేదీ లేని వరద వీడియోకు సాక్ష్యంగా విలువ లేదు.

వరి పొలంలో కొలతలు

నది నుంచి పొలానికి వస్తే సమస్య స్వరూపం మారుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన, డెల్టా కాలువల కింద సాగయ్యే సార్వా వరిని గట్టు మీది నుంచి చిత్రీకరించే సందర్భం తీసుకుందాం. 1982లో మార్టేరు పరిశోధనా స్థానం నుంచి విడుదలైన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, సుమారు 150 రోజుల రకం. ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు గంటకొక్కటి చొప్పున రోజుకు 13 చిత్రాలు తీస్తే పంటకాలమంతటికీ 1,950 చిత్రాలవుతాయి. సెకనుకు 25 చిత్రాల వేగంతో ఇది 78 సెకన్ల వీడియో. ఈ నిడివిలో పిలకలు వేయడం, పొట్ట దశ, ఈనిక, గింజ పాలుపోసుకోవడం, పక్వానికి రావడం వరుసగా కనిపిస్తాయి.

ఈ చిత్రాలు చూపడానికి మాత్రమే కాక కొలవడానికీ పనికివస్తాయి. చిత్రంలో పచ్చదనం ఆక్రమించిన పిక్సెల్‌ల శాతం పంట నేలను కప్పిన తీరును తెలుపుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల మొత్తంలో ఆకుపచ్చ వాటా పంట పచ్చదనపు సూచికగా పనిచేస్తుంది. 2008లో అమెరికాలో మొదలైన ఫీనోక్యామ్ అనే కెమెరాల వ్యవస్థ ఈ సూచికతోనే అడవులలోను, పైరులలోను చిగురించే, రాలే కాలాలను నమోదు చేస్తున్నది. ఇక్కడ మూడు సర్దుబాట్ల ప్రభావం ముందు చెప్పిన దానికి దాదాపు విరుద్ధంగా ఉంటుంది. సాగదీత ఆకారాన్ని చెరుపుతుంది గాని పచ్చదనపు శాతాన్ని మార్చదు. చిత్రంలోని ప్రతి భాగమూ ఒకే పాళ్లలో వెడల్పవుతుంది. కత్తిరింపు ఆకారాన్ని కాపాడుతుంది గాని శాతాన్ని మార్చివేస్తుంది. నల్ల పట్టీలు రెండింటినీ కాపాడినట్టే ఉంటాయి. లెక్కింపు నుంచి ఆ పట్టీలను మినహాయించకపోతే అవే పెద్ద దోషానికి దారితీస్తాయి.

ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. 4000×3000 చిత్రంలో పైరు కింది మూడోవంతును పూర్తిగా ఆక్రమించిందనుకుందాం. అసలు విలువ 33.3 శాతం. పైనా కిందా 375 వరుసల వంతున కత్తిరించి 16:9 చేస్తే, పైరుకు చెందిన 1000 వరుసలలో 625 మాత్రమే మిగులుతాయి. 2250లో అది 27.8 శాతం. నల్ల పట్టీలతో కలిపి లెక్కిస్తే 25 శాతం. సాగదీసిన చిత్రంలో మాత్రం 33.3 శాతమే వస్తుంది. ఒకే పొలం, ఒకే రోజు, ఒకే చిత్రం. విలువలు మాత్రం మూడు. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలలో ఒక సీజన్ విలువలను వీడియో నుంచి, మరో సీజన్ విలువలను ఛాయాచిత్రాల నుంచి తీసుకుని పోల్చితే వచ్చే తేడా పంటది కాకపోవచ్చు.

అందుచేత కొలతలన్నీ అసలు ఛాయాచిత్రాల మీదనే, వాటిలో ముందుగా గుర్తించిన ఒక స్థిర ప్రాంతంలోనే జరగాలి. ఫీనోక్యామ్‌లో అనుసరించే పద్ధతీ ఇదే. వీడియోను కొలతకు వాడరాదనడానికి నిష్పత్తి ఒక్కటే కారణం కాదు. సర్వసాధారణమైన వీడియో కుదింపులో వెలుగు వివరాలు పూర్తిగా నిలిచినా, రంగు వివరాలు అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గుతాయి. ఆకు అంచుకు, దాని వెనుక బురదకు మధ్య రంగు కలగలిసిపోతుంది.

చూపడానికైన వీడియోలో పట్టీల పద్ధతిని తక్కువగా చూడవలసిన పనిలేదు. 4:3 చిత్రాన్ని మధ్యలో కాక ఎడమ అంచుకు జరిపితే, కుడివైపున 480×1080 పిక్సెల్‌ల నిలువు ఖాళీ ఒకేచోట దొరుకుతుంది. ఆనాటి తేదీ, నాటిన తరువాత గడచిన రోజుల సంఖ్య, వర్షపాతపు రేఖాచిత్రం, పంట దశ పేరు తెలుగులో అక్కడ చూపవచ్చు. నదీ చిత్రమైతే గేజి రీడింగును రాయవచ్చు. 3:2 చిత్రంలో 300 పిక్సెల్‌ల ఖాళీ వస్తుంది. అంకెలకు అది సరిపోతుంది, రేఖాచిత్రానికి ఇరుకు. నల్ల పట్టీ చోట అదే చిత్రాన్ని మసకగా పెంచి నింపే అలవాటు ఈమధ్య వ్యాపించింది. శాస్త్రీయ వీడియోకు అది తగదు. చూపును అసలు చిత్రం నుంచి పక్కకు లాగుతుంది.

ఫోన్‌లో నిలువు వీడియో

రైతులకు సమాచారం చేరే దారి నేడు ఎక్కువగా వాట్సాప్, యూట్యూబ్ షార్ట్స్. అక్కడ చట్రం నిలువుగా 9:16. అడ్డంగా తీసిన 3:2 చిత్రాన్ని దీనికి కత్తిరిస్తే వెడల్పులో 62.5 శాతం, 4:3 చిత్రంలో దాదాపు 58 శాతం పోతుంది. వరి దుబ్బును దగ్గరగా తీసిన చిత్రానికి ఇది నష్టం కాదు; నిలువుగా పెరిగే మొక్కకు నిలువు చట్రం సహజమైనదే. పట్టిసీమ వంటి నదీ దృశ్యంలో మాత్రం ఒకవైపు ఒడ్డు, కొండ, ఇసుక తిన్నె మూడూ కలిసి ఇమడవు.

ఒకే కెమెరా నుంచి అడ్డం, నిలువు వీడియోలు రెండూ కావలసినప్పుడు ఉపకరించే లెక్క ఒకటుంది. చిత్రాన్ని 16:9కూ, 9:16కూ మధ్యకు కత్తిరిస్తే, రెండింటికీ ఉమ్మడిగా మిగిలే భాగం వెడల్పు అసలు ఎత్తులో 9/16 వంతు. దాని ఎత్తు అసలు వెడల్పులో 9/16 వంతు. కనుక ఉమ్మడి వైశాల్యం మొత్తంలో 81/256 వంతు, అంటే 31.6 శాతం. కెమెరా 3:2 అయినా 4:3 అయినా ఈ విలువ మారదు. ఆ భాగపు ఆకారం మాత్రమే మారుతుంది. 6000×4000 చిత్రంలో అది 2250×3375, 4000×3000 చిత్రంలో సుమారు 1687×2250. గేజి, కొలబద్ద, వంగడం పేరు రాసిన పలక, పరిశీలనకు ఎంచుకున్న దుబ్బు ఈ నడిమి భాగంలో ఉంటే ఏ వీడియోలోనూ తప్పిపోవు. కెమెరా తెరపై ఆ హద్దులను పెన్సిలుతో గుర్తించిన పారదర్శకపు కాగితాన్ని అతికించుకోవడం పాతకాలపు పద్ధతే గాని పొలంలో బాగా పనిచేస్తుంది.

ఫోన్‌నే 16:9 ఛాయాచిత్రపు పద్ధతిలో పెట్టి తీస్తే ఈ తంటా ఉండదు కదా అన్న ప్రశ్న సహజం. అధికభాగం ఫోన్లలో ఆ ఎంపిక సెన్సర్ పైభాగాన్ని, కింది భాగాన్ని ముందే కత్తిరించివేస్తుంది; 12 మెగాపిక్సెల్‌ల చిత్రం 9 మెగాపిక్సెల్‌లకు తగ్గుతుంది. కొత్తగా ఏదీ లభించదు, తరువాత మరోలా కత్తిరించుకునే అవకాశం మాత్రం పోతుంది. పూర్తి సెన్సర్‌తోనే తీసి, కత్తిరింపును ఎక్స్‌పోర్ట్‌కు విడిచిపెట్టడం మేలు.

ఎక్స్‌పోర్ట్ వేళ మరికొన్ని చిక్కులు

సర్వసాధారణమైన హెచ్.264 ఎక్స్‌పోర్ట్‌లో వెడల్పు, ఎత్తు రెండూ సరిసంఖ్యలై ఉండాలి. 6000×3375 వంటి చట్రాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు తిరస్కరిస్తాయి, కొన్ని మౌనంగా ఒక వరుసను తగ్గిస్తాయి. మొదట 3840 లేదా 1920 వెడల్పుకు తగ్గించి, ఆ తరువాత కత్తిరిస్తే ఈ ఇబ్బంది రాదు.

పిక్సెల్‌కు కూడా ఒక ఆకార నిష్పత్తి ఉంటుంది. హెచ్‌డీవీ టేపు కెమెరాలు 1440×1080 చిత్రాన్నే నమోదు చేసి, ప్రదర్శనలో దానిని 16:9గా వెడల్పు చేసేవి. అటువంటి పాత ప్రాజెక్టు ఫైలును తెరిచి అందులోనే కొత్త ఛాయాచిత్రాలను చేర్చితే ఆ అమరిక కొత్త చిత్రాలకూ అంటుకోవచ్చు. ఛాయాచిత్రాల నుంచి తయారయ్యే వీడియోకు పిక్సెల్ నిష్పత్తి ఎప్పుడూ 1 ఉండాలి.

బ్యాటరీ మార్చినప్పుడో, ఫోన్‌ను తీసి మళ్లీ బిగించినప్పుడో చిత్రం తిరిగిన దిశ మారవచ్చు. ఫోన్ ఆ దిశను చిత్రంలోని పిక్సెల్‌లలో కాక, ఫైలులోని ఒక గుర్తుగా నమోదు చేస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ గుర్తును గౌరవిస్తాయి, కొన్ని విస్మరిస్తాయి. ఫలితంగా వరుసలో కొన్ని చిత్రాలు పక్కకు ఒరిగి, వాటికి మాత్రం వేరే పట్టీలు వస్తాయి. పలు సాఫ్ట్‌వేర్లు మొదటి ఛాయాచిత్రాన్ని బట్టి మొత్తం చట్రాన్ని నిర్ణయిస్తాయి గనుక, మొదటి చిత్రమే అటువంటిదైతే సీజన్ మొత్తం ఒరుగుతుంది. చిత్రాలన్నిటి వెడల్పు, ఎత్తు, దిశల జాబితాను ఎక్స్‌పోర్ట్‌కు ముందు ఒకసారి తీసి, భిన్నమైన వాటిని వేరుచేయడానికి పది నిమిషాలు పట్టదు.

పట్టీలను వీడియోలోనే కలిపి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును మళ్లీ నిలువు చట్రంలో పెట్టి పంపితే, పట్టీల లోపల పట్టీలు ఏర్పడి అసలు చిత్రం తపాలా బిళ్లంత అవుతుంది. నిలువు వీడియోను ఎప్పుడూ అసలు ఛాయాచిత్రాల నుంచే విడిగా తయారు చేసుకోవాలి.

భద్రపరచే విషయంలో, ఎక్స్‌పోర్ట్ అయిన వీడియోతోపాటు అసలు ఛాయాచిత్రాలన్నీ, వాటితోపాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉండాలి. అందులో కెమెరా నిష్పత్తి, అసలు పిక్సెల్ పరిమాణం, పైనుంచీ కిందనుంచీ ఎన్నెన్ని వరుసలు తొలగించినదీ, వీడియో పరిమాణం, సెకనుకు చిత్రాల సంఖ్య, కెమెరాను కదిలించిన తేదీలు రాయాలి. మరుసటి ఏడాది అదే రేవులో, అదే స్తంభానికి మరొక విద్యార్థి కెమెరా బిగించినప్పుడు, ఆ టెక్స్ట్ ఫైలులోని అంకెలనే వాడితే రెండు సంవత్సరాల వరదలను ఒకే తెరపై పక్కపక్కన నిలిపి చూపడం సాధ్యపడుతుంది.